ముప్పై తొమ్మిది షిల్లింగులు

కువైట్‌లోని మంగఫ్‌లో నేను పనిచేసిన బడిలో తొమ్మిదో తరగతి పిల్లలు ఏటా ఒక ఇంగ్లీషు దొంగను విచారించేవారు. ఆమె పాఠ్యపుస్తకంలో లేదు. ఇంగ్లండు ప్రభుత్వం ఆస్ట్రేలియాకు తోలేసిన ఖైదీల గురించి నేను చదివిన నాలుగైదు జీవితాల్లోంచి ముక్కలు తీసి ఒక మనిషిగా కుట్టుకున్నాను. పేరు పెట్టలేదు. పేరు పెడితే ఆమె నిజంగా పుట్టిందని పిల్లలు నమ్మేస్తారు. నమ్మకాలతో నాకు మొదటినుంచీ పేచీయే.

ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్లు, ముఖ్యంగా వాదనలో నెగ్గడం కూడా ఒక పనే అనుకునే కుర్రవాళ్లు, ఏదైనా అనుభవం రాయమని అడుగుతుంటారు. ఇప్పుడు బ్నీద్ అల్ గార్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను, విజిట్ వీసా మీద. ఇన్నేళ్లు జీతం తీసుకున్న దేశానికి ఇప్పుడు చుట్టపుచూపుగా వచ్చాను. రాయడానికి తీరిక ఉంది. నెగ్గిన వాదనలు నా దగ్గర చాలా ఉన్నాయి. అవి మీకు పనికిరావు. ఇది నెగ్గని దాని సంగతి.

ముందు ఆ దొంగ కథ చెప్పాలి. అది తెలియకపోతే తర్వాతది అర్థం కాదు.

రెండు వందల ఏళ్ల కిందట లండన్‌లో ఒక ఇంట్లో పనిమనిషి. పల్లెటూరి పిల్ల. యజమానురాలి వెండి చెంచాలు, ఒక లేసు శాలువా పోయాయి. శాలువా తాకట్టు కొట్టులో దొరికింది. కొట్టువాడు ఈమెను వేలుపెట్టి చూపించాడు. నివసించే ఇంట్లోంచి నలభై షిల్లింగుల సొత్తు దొంగిలిస్తే ఉరి అని అప్పటి చట్టం. చెంచాలే అంతకు ఎక్కువ చేస్తాయని కోర్టులో ఉన్న ప్రతివాడికీ తెలుసు. పన్నెండుమంది జ్యూరీ సభ్యులు, దేవుడి మీద ప్రమాణం చేసిన పెద్దమనుషులు, కాసేపు గుసగుసలాడుకుని తీర్పు చెప్పారు. దొంగతనం నిజమే, సొత్తు విలువ మాత్రం ముప్పై తొమ్మిది షిల్లింగులు.

ఉరి తప్పింది. ఏడేళ్ల ద్వీపాంతరవాసం పడింది.

ఓడ అడుగున నెలల తరబడి ప్రయాణం. దిగాక ఆడఖైదీల కార్ఖానాలో ఉన్ని వడకడం. తర్వాత ఒక దొర ఇంటికి పనికి అప్పగింత. జీతం లేదు, తిండీ బట్టా మాత్రమే. గడప దాటాలంటే అనుమతి కావాలి. ఎదురు చెబితే మేజిస్ట్రేటు దగ్గరికి, అక్కడినుంచి జుట్టు కత్తిరించి మళ్లీ కార్ఖానాకు. నడవడి బాగుందనిపించుకుంటే ఒక చీటీ ఇచ్చేవారు. అది ఉంటే తన పని తాను వెతుక్కోవచ్చు కానీ ఆ జిల్లా దాటకూడదు. శిక్ష పూర్తయ్యాక స్వేచ్ఛ. అయితే తిరుగు ఓడ ఖర్చు ప్రభుత్వానిది కాదు. మగవాళ్లు కొందరు ఓడల్లో కూలీకి కుదిరి ఇంటికి పోయారు. ఆడవాళ్లకు ఆ దారి లేదు. ఆమె ఇంకొక ఖైదీని పెళ్లి చేసుకుంది, పూటకూళ్ల ఇల్లు నడిపింది, ముసలిదయ్యేసరికి చర్చిలో ముందు వరసలో కూర్చునే మనిషయింది. చివర్లో తనకూ ఒక పనిమనిషి వచ్చింది. ఆ పిల్లా ఖైదీయే. చెంచాలు కడిగేటప్పుడు మా దొంగ ఆ పిల్ల మీద ఒక కన్నేసి ఉంచేది.

ఇక్కడికి రాగానే ఏటా ఎవడో ఒకడు వెనక బెంచీ నుంచి అనేవాడు: "సార్, ఇది ఖాద్దామా వీసా లాగే ఉంది." ఇళ్లల్లో పనికి వచ్చే ఆడవాళ్ల వీసాకు ఇక్కడ ఆ పేరు. క్లాసు నవ్వేది. నేను నవ్వేవాణ్ని కాదు. సుళువుగా తోచిన పోలికను ముందు అనుమానించమనేవాణ్ని. ఆమెను నేరం మోపి పంపారు. వీళ్లు ఏ నేరమూ చేయకుండా, ఒప్పందం మీద వేలిముద్ర వేసి, తమంతట తాము వచ్చారు. ఏది ఎంత అన్యాయమో తేల్చాలంటే రెండూ ఒకటి కాదని ముందు ఒప్పుకోవాలి.

తర్వాత అసలు ప్రశ్న. జ్యూరీ చెప్పిన అబద్ధం ఒప్పా, తప్పా?

క్లాసు రెండు జట్లుగా కొట్టుకునేది. చివర్న నా తీర్పు. నేను చర్చల్లో పెరిగినవాణ్ని. మా నాన్న ఊళ్లో సంస్కరణ సంఘం నడిపేవాడు. శకునాల మీద, జాతకాల మీద, వితంతు వివాహం మీద ఎదుటివాడు నీళ్లు నమిలేదాకా వాదించడం మా ఇంట్లో ఆదివారపు భోజనం లాంటిది. కాబట్టి తీర్పు గట్టిగానే చెప్పేవాణ్ని. "వాళ్లు మంచివాళ్లు, కానీ తప్పు చేశారు. చెడ్డ చట్టం నుంచి అబద్ధం చెప్పి ఒక్కొక్కరినే తప్పిస్తూ పోతే ఆ చట్టం హాయిగా ఇంకో తరం బతుకుతుంది. అసలు విలువ చెప్పి, ఆ ఉరిని నలుగురినీ చూడనిచ్చి ఉంటే చట్టం తొందరగా మారేది."

ఒక ఏడు ఒక అమ్మాయి లేచి, "మరి ఆమె సార్?" అంది.

"ఎవరు?"

"ఉరి పడేది ఆమెకే కదా సార్."

గంట కొట్టారు. ఉపాధ్యాయుల్ని గంట చాలాసార్లు కాపాడుతుంది.

ఇక మా బడి మనుషులు. ఫిజిక్స్ మాస్టారిది విజయవాడ. మంచి ఉపాధ్యాయుడు, ఆయన చెబితే విద్యుత్తు కూడా పిల్లల మాట వినేది. ఆయన ల్యాబు గుమ్మానికి మాత్రం దిష్టి నిమ్మకాయ వేలాడేది. నేను వెక్కిరిస్తే, "కరెంటు కూడా నాకు కనపడదు మాస్టారూ. ఉందిగా?" అనేవాడు. ఈ వాదనకు జవాబు ఉంది. దాన్ని ఆయనకు నేను చెప్పినన్నిసార్లు ఆయన నాకు టీ పోయించాడు.

ఆయా అన్నమయ్య జిల్లా మనిషి. మొదట ఒక కువైటీ ఇంట్లో పనిచేసింది. ఆ ఇంటి మామా, అంటే యజమానురాలు, వేరే చోట చేరడానికి ఒప్పుకుని రిలీజ్ ఇస్తే బడిలోకి మారింది. చిన్నపిల్లల బస్సు ఆమెది. పిల్లల్ని ఎక్కించడం, దించడం, వాళ్లు దిగాక బస్సు ఊడ్చడం, మిగతా పొద్దంతా మంచినీళ్ల కూలర్ దగ్గర నిలబడి పిల్లల సీసాలు నింపడం. ఆ బస్సుకు పాత సీట్లు చినిగిపోతే యాజమాన్యం అమ్ఘరా తుక్కు బజారు నుంచి ఇంకేదో బస్సు సీట్లు తెచ్చి బిగించింది. అవి ఇరుకు. సీటుకూ గోడ రేకుకూ మధ్య సందు మిగిలిపోయింది. పెన్సిళ్లు, బిస్కెట్లు అందులోకి జారేవి.

ఒకసారి ఫిజిక్స్ మాస్టారు బ్యాటరీల పెట్టె ఎత్తబోయాడు, నడుము పట్టేసింది. వంగినవాడు వంగినట్టే స్టాఫ్‌రూములోకి వచ్చి, "ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు ఎవరన్నా ఉన్నారా?" అని అడిగాడు. తల ముందు కాకుండా కాళ్లు ముందుగా పుట్టినవాళ్లు తంతే నడుము పట్టు వదులుతుందని మనవాళ్ల నమ్మకం. టీ కప్పులు తీస్తున్న ఆయా, "నేనుండా సార్" అంది. "కాళ్లు ముందర పెట్టి పుట్టినానని మా యమ్మ చెప్తాంటాది."

"అయితే తన్నమ్మా!"

"సార్‌ను తంతే పని పోదు గదా?"

"నువ్వు తన్నకపోతే నా నడుం పోయేట్టుంది!"

ఆయన గోడ పట్టుకున్నాడు. ఆమె చెప్పు విడిచి, మెల్లగా నడుము మీద కాలితో తాకించింది. ఆయన ఒక కేక పెట్టి నిటారుగా నిలబడ్డాడు. ఉలిక్కిపడితే పట్టేసిన కండరం ఒక్కోసారి వదులుతుందని నేను వివరించబోయాను.

"మీకు నెప్పి లేదు మాస్టారూ, అందుకని మీ దగ్గర సిద్ధాంతం ఉంది" అన్నాడు. స్టాఫ్‌రూము అంతా ఆయన పక్షమే.

ఆ తర్వాత కొన్నాళ్లకు చిన్న తరగతి పాప ఒకతె మెడలో గొలుసు పోయింది. పిల్లలకు బంగారం వేసి పంపొద్దని బడి నియమం. అమ్మమ్మ పెట్టిన గొలుసు, పుట్టినరోజని వేశారు. బస్సు ఎక్కేటప్పుడు ఉంది, ఇంటి దగ్గర దిగేటప్పటికి లేదు. బస్సు వెతికారు, సంచులు వెతికారు, ఆయా సంచి రెండుసార్లు వెతికారు. దొరకలేదు.

పాప తల్లి హైదరాబాదామె, కంప్యూటర్ ఉద్యోగం. చెడ్డ మనిషి కాదు. అప్పటికి ఎవరినీ ఏమీ అనలేదు. ఆమెకు అంజనం సలహా ఇచ్చింది ఫిజిక్స్ మాస్టారు. అదీ మంచి ఉద్దేశంతోనే. "నిజం తేలితే ఏ పాపం ఎరగనివాళ్లు బయటపడతారు కదండీ" అన్నాడు.

తమలపాకు మీద మంత్రించిన కాటుక రాసి, దీపం వెలుగులో దాంట్లోకి చూస్తే పోయిన వస్తువు, తీసిన మనిషి కనిపిస్తారని చెబుతారు. అదీ అంజనం. వేసే మనిషి వేరు, చూసే మనిషి వేరు. అందరికీ కనపడదు; ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లకు కనిపిస్తుందట. కడప దగ్గర ఒకాయన అంజనం వేస్తాడు, వాళ్ల మేనత్త చూస్తుంది. ఈమధ్య వాట్సాప్‌లో కూడా వేస్తున్నారు. స్టాఫ్‌రూములో ఫ్లాస్కుకు ఫోను ఆనించి అందరూ చుట్టూ మూగారు. మేనత్త ఆకులోకి చూసి చెప్పింది: "ఆడమనిషి. పొట్టిగా ఉంది. పిల్లకాయల దగ్గర తిరుగుతాది. నీళ్ల పక్కన నిలబడుకోని ఉంది."

అందరి తలలూ కూలర్ వైపు తిరిగాయి.

"పోయినదేంటో, బస్సేంటో, ఆయా ఏం చేస్తుందో ఫోను చేసినప్పుడు మీరే కదా ఆయనకు పూసగుచ్చినట్టు చెప్పింది!" అని అరిచాను. ఫిజిక్స్ మాస్టారు నొచ్చుకున్నాడు. "వివరాలు చెప్పకపోతే ఎలా చూస్తారండీ?"

పాప తల్లి, "నాకెవరి మీద పగ లేదు సర్. కానీ అంజనంల వచ్చింది కదా" అంది.

ప్రిన్సిపాల్ మేడం మలయాళీ. ఆమె అంజనాన్ని నమ్మలేదు. నమ్మేవాళ్లు ఫీజులు కడతారని మాత్రం ఆమెకు తెలుసు. పోలీసులు వద్దు, బడి పేరు బయటికి రావద్దు. గురువారం లోపల గొలుసు దొరక్కపోతే ఆయా నివాస అనుమతి, అదే ఇఖామా, క్యాన్సిల్ చేసి ఇంటికి పంపేద్దాం అంది. అవిశ్వాసి చేతిలో మూఢనమ్మకం ఎంత సౌకర్యమైన పనిముట్టో ఆ రోజు చూశాను. లండన్ కోర్టులో శిక్ష అంటే ఇంటి నుంచి సముద్రం దాటించడం. మా ప్రిన్సిపాల్ గదిలో శిక్ష అంటే సముద్రం దాటించి ఇంటికి పంపడం.

నేను ఊరుకోలేదు. ఊరుకోవడం మా ఇంట్లో ఎవరూ నేర్పలేదు. మర్నాడు స్టాఫ్‌రూములో సవాలు చేశాను. "నేను నా కారు తాళంచెవి దాస్తాను. ఎక్కడుందో మీ మేనత్తను చెప్పమనండి. చెప్పలేకపోతే ఆయా మీద నింద ఎత్తేయాలి. సరేనా?" ఫిజిక్స్ మాస్టారు సరేనన్నాడు. తాళంచెవి నా మేజోడులో పెట్టుకున్నాను. ఫోను కలిపారు. మేనత్త ఆకులోకి చూస్తోంది. అంజనం ఆయన ఆకును చూడటం లేదు, తెర మీద నన్నే చూస్తున్నాడు.

"సార్, నీ వస్తువు యాడికీ పోలేదు. నీ ఒంటి మీదనే ఉంది" అన్నాడు.

చప్పట్లు మోగాయి. ఎవరినీ నమ్మనివాడు తన వస్తువును తన దగ్గర కాక ఎవరి దగ్గర దాస్తాడని, అది మంత్రం కాదు, మనిషిని చదవడమని నేను చెప్పాను. మేజోడులోంచి తాళంచెవి తీస్తున్న మనిషి మాట ఎవరు వింటారు? అప్పటిదాకా సగం నమ్మినవాళ్లు ఇప్పుడు పూర్తిగా నమ్మారు.

బయటికి వస్తే ఆయా కూలర్ దగ్గర సీసాలు నింపుతోంది. తలెత్తకుండానే అంది: "నా బతుకు పెట్టి పందెం కాసినారా సార్?"

"పందెం కాదమ్మా. పరీక్ష."

"ఏదైతే ఏంది సార్. ఓడిపోయినారు గదా."

ప్రిన్సిపాల్‌తో మళ్లీ మాట్లాడతానన్నాను, ఎంబసీకి వెళదామన్నాను.

"వద్దులే సార్. మీరు మాట్లాడినకొద్దీ అది గట్టిపడతాంది." సీసా మూత బిగించింది. "ఇంటికి పోయేదానికి నాకు భయం లేదు. దొంగదని పోవాల గదా, దానికి భయం. మా ఊర్లో సగం మంది ఈడనే ఉండారు. నాకంటే ముందు మాట పోతాది. మా చెల్లెలు ఈడ ఒక ఇంట్లో ఉంది. దొంగదాని చెల్లెలంటే ఆ మామా దాన్ని పెట్టుకుంటాదా? దాన్నీ పంపిచ్చేస్తాది."

ఆమె ఇంకో సీసా అందుకుంది.

"అంజనం ఎవురు చూసినారు సార్?"

"ఆయన మేనత్తట. ఎదురుకాళ్లతో పుట్టిందట."

"అట్లనా" అంది. సీసా నిండి నీళ్లు పొర్లుతున్నా కాసేపు చూసుకోలేదు.

గురువారం పొద్దున బస్సులు పిల్లల్ని బడి దగ్గర దించి వెళ్లి యార్డులో నిలబడ్డాక ప్రిన్సిపాల్ గదిలో కలిశాం. పాప తల్లి, ఫిజిక్స్ మాస్టారు, నేను, ఇంకా ఇద్దరు టీచర్లు. ఆయాను పిలిచి, గొలుసు దొరకలేదు కాబట్టి అంటూ ప్రిన్సిపాల్ మొదలుపెట్టింది.

"మేడం, ఒక మాట" అంది ఆయా. ఆమె వచ్చీరాని హిందీని ప్రిన్సిపాల్‌కు నేనే ఇంగ్లీషులో చెప్పాను. "అంజనంలో నా పేరు వచ్చిందన్నారు. నా ఎదురుగా వెయ్యలేదు. మా దిక్కు అట్ల చెయ్యరు. మళ్లా వెయ్యమనండి. ఈసారి నేను చూస్తా."

ఫిజిక్స్ మాస్టారు తడబడ్డాడు. "నువ్వెలా చూస్తావమ్మా? అది అందరికీ..."

"ఎదురుకాళ్లోళ్లకు కనపడతాది అన్నారు గదా. ఈ కాలితోనే గదా సార్ మీ నడుము బాగయింది?"

ఆయన ప్రిన్సిపాల్ వైపు తిరిగి, "అది నిజమేనండీ" అన్నాడు. ఇంగ్లీషులో ఆ సంగతి వివరించడానికి కొంత శ్రమపడ్డాడు.

ఫోను కలిపారు. అంజనం ఆయన ఒప్పుకోలేదు. "ఆకు ఈడుంది. ఆడినుంచి ఎట్ల చూస్తావమ్మా?"

"అన్నా, కడపలో కూర్చోని కువైట్‌లో దొంగను చూసినారు. కువైట్‌లో ఉండి కడపలో ఆకును నేను చూడలేనా? కెమెరాకు దగ్గర పెట్టు."

పాప తల్లి, "చూడనీయండి" అంది. ఆయన కాస్త ఆలోచించి ఆకును కెమెరా ముందు పట్టాడు. ఆయా ఫోను రెండు చేతులతో పట్టుకుని, ముఖం దగ్గరగా పెట్టుకుని చూసింది. నాకు ఆమె ముఖమే కనిపిస్తోంది. అంత శ్రద్ధగా ఏ విద్యార్థీ నా నల్లబల్ల వైపు చూడలేదు.

"బస్సు కనపడతాంది" అంది. "పాప కిటికీ పక్కన కూర్చోనింది. మెడ గోక్కుంటాంది. గొలుసు కొక్కెం ఇడిపోయింది. జారతాంది... సీటుకీ రేకుకీ మద్దెన సందులో పడింది. ఎవురూ తియ్యలే. రేకు లోపలే ఉంది."

అందరం యార్డుకు నడిచాం. సందులోకి టార్చి వేసి ముందే చూశారు, రేకు విప్పి మాత్రం చూడలేదు. డ్రైవరు పాకిస్తానీ. ఎండలో గొణుక్కుంటూ స్క్రూలు విప్పాడు. రేకు వెనక పెన్సిళ్లు, బిస్కెట్ కాగితాలు, ఒక పిల్లల సాక్సు, వాటి కింద గొలుసు. కొక్కెం విడిపోయి ఉంది.

పాప తల్లి ఆయా రెండు చేతులూ పట్టుకుంది. "నన్ను క్షమించు అక్కా" అని ఏడ్చింది. ప్రిన్సిపాల్ గడియారం చూసుకుంది. ఫిజిక్స్ మాస్టారు నా వైపు తిరిగాడు. ముఖంలో గెలుపు ఉంది కానీ కుళ్లు లేదు.

"ఇప్పుడేమంటారు మాస్టారూ?"

అందరూ నన్నే చూస్తున్నారు, ఆయా కూడా.

నా బుర్ర అలవాటు ప్రకారం పనిచేసింది. ఆకులో ఏదీ కనపడదు. కాబట్టి ఆ చోటు ఆమెకు ఇంకోలా తెలియాలి. రోజూ ఆ బస్సు ఊడ్చే మనిషి కాబట్టి వస్తువులు ఎక్కడికి జారతాయో తెలిసి ఊహించి ఉండవచ్చు. లేదా గొలుసు అక్కడ ఉందని ముందే చూసి, చూశానంటే తీసింది నువ్వేనంటారని భయపడి ఉండవచ్చు. లేదా తనే తీసి, ఇంత దూరం వచ్చాక ఆ సందులో జారవిడిచి ఉండవచ్చు. మూడింటిలో ఏదో తేల్చడానికి నా దగ్గర ఆధారం లేదు. ఒక్కటి మాత్రం తెలుసు. అంజనం అబద్ధమని ఇప్పుడు నేను నిరూపిస్తే, అక్కడున్న ప్రతివాళ్లూ మూడోదాన్నే ఎంచుకుంటారు. మూఢనమ్మకం ఆమెను విడిచిపెట్టింది. నా హేతువాదం ఆమెను మళ్లీ పట్టుకుంటుంది.

ముప్పై తొమ్మిది షిల్లింగులు అన్న ఆ పన్నెండుమంది ముఖాలు ఎలా ఉండి ఉంటాయో అప్పటిదాకా నేను ఆలోచించలేదు.

"దొరికింది కదండీ. ఖలాస్. యల్లా, పదండి, క్లాసులున్నాయి" అన్నాను.

ఇక్కడితో ఆపితే నేను మంచివాణ్నవుతాను, కానీ కథ అబద్ధమవుతుంది. నేను ఏటా పిల్లలకు చెప్పిన తీర్పు నా కళ్ల ముందే నిజమయింది. చెడ్డ చట్టం ఇంకా బలంగా బతికింది. బడిలో ఏది పోయినా ముందు వెతకడం మాని ముందు అంజనం వేయడం మొదలుపెట్టారు. ఎవరిదో వాచీ పోయింది. నేపాలీ స్వీపరు ఒకడున్నాడు, భాష రాదు, ఒంటరివాడు. అందరి చూపూ వాడి మీదే. నేను గట్టిగా అడ్డుపడ్డాను. "మీరు కళ్లారా చూశారు కదా మాస్టారూ, ఇంకా ఏంటండీ?" అన్నాడు ఫిజిక్స్ మాస్టారు. ఏం చెప్పను? నా సాక్ష్యం నేనే అమ్ముకున్నాను.

అయితే ఒక్క మార్పు వచ్చింది. కడప మేనత్తకు ఇక పని లేకపోయింది. చూసే మనిషి బడిలోనే ఉండగా ఆమె ఎందుకు? ఆకు చూడటానికి ఆయానే పిలిచేవారు. ఆమె చేతులు తుడుచుకుని వచ్చి, ఫోను పట్టుకుని, చాలాసేపు చూసేది. వాచీ గురించి, "బాత్రూములో చేతులు కడుక్కునేటప్పుడు తీసి పెట్టినారు. ఎవురూ తియ్యలే. యాడనో జారిపోయింది" అంది. అది దొరకలేదు. స్వీపరు జోలికి మాత్రం ఎవరూ పోలేదు. ఇంకోసారి పర్సు. "టాక్సీలో పడింది. ఎవురూ తియ్యలే." టీచరు కళ్లజోడు. "ఇంట్లోనే ఉంది." అది ఇంట్లోనే దొరికింది, అలాంటివి ఆమె పేరును ఇంకా పెంచాయి. నేను ఉన్నన్నాళ్లూ ఆమె అంజనంలో వస్తువులు జారాయి, పడిపోయాయి, మరుపున పడ్డాయి. ఒక్కసారి కూడా దొంగ కనపడలేదు.

ఆ ఏడు తొమ్మిదో తరగతిలో విచారణ మామూలుగానే జరిగింది. జట్లు కొట్టుకున్నాయి. చివర్న, "మీ తీర్పు సార్?" అన్నారు. ఈసారి మీరే తేల్చుకోండి అన్నాను. మాస్టారికి తెలియదని వెనక బెంచీ తీర్మానించింది. అది నిజమే.

పదవీ విరమణ రోజు స్టాఫ్‌రూములో కేకు కోశారు. ఫిజిక్స్ మాస్టారు మాట్లాడుతూ, నాలాంటి మొండివాడు కూడా అంజనం ముందు నోరు మూశాడని చెప్పి అందరినీ నవ్వించాడు. నేనూ నవ్వాను. బయట ఆయా బస్సు దగ్గర నిలబడి ఉంది. వెళ్లొస్తానన్నాను.

"ఒక్కటి అడుగుతాను. ఆ ఆకులో నీకు ఏం కనపడుతుంది?"

ఆమె చుట్టూ చూసింది. ఎవరూ లేరు. పిల్లలింకా వరసలో రాలేదు.

"ఏముంటాది సార్? కాటుక. నల్లగా ఉంటాది."

గొలుసు సంగతి నోటిదాకా వచ్చింది. ఆమె నా ముఖం చూస్తూ నిలబడింది, నేను అడుగుతానేమోనని. అంతలో పిల్లలు వచ్చారు. ఆమె ఒక్కొక్కరినీ తల మీద తాకి లెక్కపెట్టుకుంటూ బస్సు ఎక్కించింది.